స్తంభం ఒకరిది, తీగ ఇంకొకరిది

2017 డిసెంబరు 27న వెలగపూడిలో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టీవీ, ఫోను మూడూ ఒకే బాక్సులో అన్నారు. సెల్‌ఫోను సిగ్నల్ కోసం మిట్టెక్కాల్సిన చోట ఆ మాట ఇంకా గట్టిగా వినపడింది. జంగారెడ్డిగూడెం దాటి బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు వెళ్తే అలాంటి చోట్లు తగులుతూనే ఉంటాయి.

అప్పుడు అందరూ ధర గురించీ వేగం గురించీ మాట్లాడుకున్నారు. ఆ పథకంలోని అసలు కథ మాత్రం అగ్రిమెంటు కాగితాల్లో ఉంది. స్తంభం ఎవరిది, దాని మీద తీగ ఎవరిది, గాలివానకు తెగితే నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళాల్సింది ఎవరు?

గోదావరి జిల్లాలకు ఈ ప్రశ్న పాతదే. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్ విగ్రహం ఇక్కడ లేని ఊరు తక్కువ. ఆయన పక్కన నిలబడి పని నడిపించిన వీణెం వీరన్నను తలుచుకునేవాళ్ళు కూడా తక్కువే. అది బాధ కలిగించే విషయం. విజ్జేశ్వరం దగ్గర బయల్దేరిన ఏలూరు కాలవ తాడేపల్లిగూడెం మీదుగా సాగి, బెజవాడ నుంచి వచ్చే కృష్ణా కాలవను ఏలూరులో కలుసుకుంది. కాలవ తవ్వడం ఒక పని, ఏటా దాన్ని కాపాడుకోవడం ఇంకో పని అని ఆనాటి వాళ్ళు త్వరగానే గ్రహించారు. గట్ల మీద తిరగడానికి, లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించడానికి లస్కర్లు ఉన్నారు. వేసవిలో కాలవ కట్టేసి పూడిక తీసేవారు. గండి పడితే ఊరివాళ్ళు వచ్చి పూడ్చాల్సిందేనని 1858లో మద్రాసు ప్రభుత్వం చట్టమే చేసింది. ఆ నిర్బంధపు బరువు పేదల వీపుల మీదే పడింది కాబట్టి దాన్ని మెచ్చుకోలేం. కానీ గండి పడిన రాత్రి ఎవరిని లేపాలన్న సందేహం మాత్రం ఎవరికీ లేదు.

తరవాతి కాలం త్వరగా నడిచిపోయింది. 1855లో టెలిగ్రాఫు జనానికి అందుబాటులోకి వచ్చింది, 1900లో హేవ్‌లాక్ వంతెన మీదుగా రైలు గోదావరి దాటింది. తంతి, టెలిఫోన్లలో స్తంభం, తీగ, లైన్‌మన్, బిల్లు అన్నీ ఒకే శాఖవి. ఫోను మూగబోతే తిట్టుకోవడానికైనా ఒకే కార్యాలయం ఉండేది. 1985లో తపాలా, టెలికాం శాఖలు విడిపోయాయి. 2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ పుట్టింది. ఇంటి ముందుకొచ్చే లైన్‌మన్ మాత్రం చాలాకాలం ఆ పాత మనిషే.

ముడి పడింది 2011లో. దేశంలోని రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్ తీసుకెళ్ళాలని కేంద్ర మంత్రివర్గం ఆ ఏడాది అక్టోబరు 25న నిర్ణయించింది. డబ్బు అప్పట్లో సార్వత్రిక సేవా నిధి నుంచి వచ్చేది. యజమాని భారత్ బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్ లిమిటెడ్ అనే కొత్త సంస్థ. పని చేసేది బీఎస్ఎన్ఎల్, రైల్‌టెల్, పవర్‌గ్రిడ్. వాటి కింద గుత్తేదార్లు, గుత్తేదార్ల కింద చిన్న గుత్తేదార్లు, అందరికన్నా కింద గునపం పట్టిన కూలీ. దేశం మొత్తం మీద ప్రయోగానికి ఎంచుకున్న మూడు చోట్లలో విశాఖ దగ్గరి పరవాడ ఒకటి. 2012లోనే అక్కడి పంచాయతీలకు కాంతి తీగ చేరింది. దేశంలో లక్ష పంచాయతీల తొలి దశ ముగిసేసరికి మాత్రం 2017 డిసెంబరు వచ్చింది.

ఈలోగా ఇక్కడ జరిగింది వేరు. తెలుగునాట ఇంజనీరింగ్ చరిత్రలో తప్పక చెప్పుకోవాల్సిన ఘట్టమిది.

2015 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ ఏర్పడింది. రాష్ట్రమంతా కందకం తవ్వి తీగ పాతిపెట్టాలంటే వేల కోట్లు, ఏళ్ళ తరబడి పని. రోడ్డు తవ్వాలంటే రోడ్ల శాఖ అనుమతి, కాలవ దాటాలంటే నీటిపారుదల శాఖ, అడవి దాటాలంటే అటవీ శాఖ, ఊళ్ళోకి వచ్చాక పంచాయతీ. అప్పుడు అందరి కళ్ళెదుటే ఉన్న వస్తువు ఒకటి అక్కరకొచ్చింది. కరెంటు స్తంభం. దారి లేని తండాకు సైతం అది ఏనాడో చేరింది. దాని మీదనే తీగ వేలాడదీస్తే తవ్వకంతో పనేముంది?

కరెంటు తీగల పక్కన ఇంకో తీగ కట్టడం ప్రమాదం కాదా అంటే, ఇందులో లోహమే లేదు. ఏడీఎస్ఎస్ అనే ఈ తీగ తన బరువు తానే మోసుకుంటుంది, లోపల వెంట్రుకంత సన్నని గాజుపోగులుంటాయి, కరెంటును తనలోంచి పారనివ్వదు. సుమారు 24 వేల కిలోమీటర్ల మేర దాన్ని స్తంభాల మీద లాగారు. పరికరాలు పెట్టడానికి కొత్త భవనాలు కట్టలేదు, విద్యుత్ సబ్‌స్టేషన్లలోనే చోటు చూసుకున్నారు. తొలి దశ అంచనా 333 కోట్లు. వేల కోట్ల పని వందల కోట్లకు దిగింది. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో ఇళ్ళకు కనెక్షన్లు వచ్చాయి.

ఖర్చు తగ్గింది కానీ చేతులు పెరిగాయి. స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థది. అప్పట్లో పశ్చిమ గోదావరి విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు ప్రాంత సంస్థ కిందా, కృష్ణా జిల్లా తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత సంస్థ కిందా ఉండేవి. అంటే కొల్లేరుకు ఏలూరు వైపున్న స్తంభానికి ఒక యజమాని, కైకలూరు వైపు స్తంభానికి ఇంకో యజమాని. తీగ ఫైబర్‌నెట్‌ది. లాగి, అతికి, కొన్నేళ్ళు నిర్వహించే బాధ్యత టెండరు దక్కించుకున్న గుత్తేదారుది. సబ్‌స్టేషన్ దగ్గర్నుంచి వీధుల్లోకి, ఇళ్ళలోకి తీసుకెళ్ళేది కేబుల్ ఆపరేటర్. నెలనెలా వసూలు చేసేదీ అతనే, అందులో కొంత వాటా అతనిది.

ఈ గొలుసులో అందరికన్నా కిందున్నది ఆ కేబుల్ ఆపరేటరే. జనానికి తెలిసిన ఒకే ఒక్క ముఖమూ అతనిదే. రాత్రి తొమ్మిదింటికి సీరియల్ మధ్యలో బొమ్మ ఆగిపోతే ఫోను మోగేది అతని జేబులో. అతను వెళ్ళి చూస్తాడు. వీధిలో డ్రాప్ కేబుల్ తెగితే అతని పనే, అతికేస్తాడు. సబ్‌స్టేషన్‌లో పరికరానికి కరెంటు లేకపోతే అతను చేయగలిగిందేమీ లేదు. స్తంభమే ఒరిగిపోతే విద్యుత్ సిబ్బంది రావాలి, వాళ్ళకు ముందు కరెంటు ముఖ్యం, అది న్యాయమే. పెద్ద తీగ తెగితే ఓటీడీఆర్ యంత్రం కావాలి. అది పోగులోకి వెలుగు పంపి, తిరిగొచ్చిన కాలాన్ని లెక్కగట్టి, ఎన్ని మీటర్ల దూరంలో తెగిందో చెబుతుంది. తెగిన చోటు యంత్రం చెప్పగలదు. అక్కడికి ఎవరు వెళ్ళాలో మాత్రం అగ్రిమెంటే చెప్పాలి. మరమ్మతుకు ఎన్ని గంటలు గడువు, ఆలస్యమైతే కోత ఎంత, నిర్వహణ గడువు ముగిసిన మర్నాడు బాధ్యత ఎవరి చేతికి వెళ్తుంది? ఈ మూడు మాటలూ స్పష్టంగా లేని కాగితం కింద ఎంత మంచి తీగైనా ఎండిన తాడుతో సమానం.

కొల్లేరు అంచున చూస్తే ఇది ఇంకా తెలుస్తుంది. చేపల చెరువుల్లో గాలి చిలికే ఏరియేటర్లకు కరెంటు తెచ్చేవి ఆ స్తంభాలే. గట్టు మెత్తబడి స్తంభం వంగితే రైతు చేపలూ, పిల్లవాడి ఆన్‌లైన్ పాఠమూ ఒకేసారి ఆగుతాయి. మెట్టలో కథ వేరు. అక్కడ ఆయిల్‌పాం, కోకో తోటల మధ్య చెట్టుకొమ్మలు విరిగి తీగ మీద పడతాయి.

2017 తరవాత దారం చిక్కుపడింది. ప్రభుత్వాలు మారాయి, ధరలు మారాయి. తొలి దశ టెండరుపై 2021లో సీఐడీ కేసు పెట్టింది, అది పెద్ద రాజకీయ వివాదమైంది. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడి కైకలూరు, మండవల్లి కూడా జంగారెడ్డిగూడెం ఉన్న జిల్లాలోకే వచ్చాయి. అదే ఏడాది భారత్ బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్‌ను బీఎస్ఎన్ఎల్‌లో కలపాలని కేంద్రం నిర్ణయించింది.

2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ విలువ 1,39,579 కోట్లు. అందులో మూడేళ్ళు నిర్మాణం, ఆపైన పదేళ్ళు నిర్వహణ, రెండూ ఒకే గుత్తేదారువి. వేసినవాడే కాపాడాలి. పర్యవేక్షణ బీఎస్ఎన్ఎల్‌ది. ఇంటికి తీగ తెచ్చే స్థానిక యువకుడికి ఉద్యమి అని పేరు, ఆదాయంలో వాటా. ఎన్నాళ్ళకో ఆ అట్టడుగు మనిషి పని కాగితం మీదికి ఎక్కింది. ఇది సంతోషించాల్సిన సంగతి.

ఇందులో ఇంకో మార్పు కూడా ఉంది. ఇన్నాళ్ళూ తీగ చెట్టుకొమ్మలా సాగేది, మధ్యలో తెగితే చివరనున్న ఊళ్ళన్నీ చీకటి. ఇకపై వలయంలా వేయాలంటున్నారు, ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి వెలుగు వస్తుంది. తాడేపల్లిగూడెం చుట్టూ అది సులువే, ప్రతి ఊరికీ నాలుగు దారులున్నాయి. బుట్టాయగూడెం దాటి కొండల్లోకి వెళ్తే ఊరికి ఉన్నది ఒకే రోడ్డు, దాని పక్కన ఒకే వరస స్తంభాలు. రెండో దారి అడవిలోంచే వెయ్యాలి.