కావలి లక్ష్మయ్య అడిగిన పని

శాసనాలు చదవడం నేర్చుకుంటే బ్రతుకు గడుస్తుందా అని బెంగళూరు, చెన్నై, బరంపురం విద్యార్థులు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. పురాతత్త్వంలో పని దొరకడం ఒక ఎత్తు, దొరికిన పనిలో నిలబడడం మరొక ఎత్తు. ఈ చిక్కు నేటిది కాదు. కావలి సోదరుల చరిత్రే ఇందుకు సాక్ష్యం.

ఏలూరుకు చెందిన ఈ అన్నదమ్ములు కాలిన్ మెకంజీ కొలువులో పనిచేశారు. 1799లో టిప్పు సుల్తాను పతనమైన తరువాత మెకంజీ మైసూరు రాజ్యాన్ని సర్వే చేశాడు. అప్పుడు వెంకట బొర్రయ్య ఊరూరా తిరిగి స్థానిక వృత్తాంతాలు సేకరించాడు, శాసనాలకు నకళ్ళు తీశాడు. పాత కన్నడ లిపిని పట్టుదలతో సాధించాడు. 1803లో చిన్న వయసులోనే మరణించాడు. ఆయన స్థానంలోకి సోదరుడు వెంకట లక్ష్మయ్య వచ్చి, దక్షిణాది భాషలు తెలిసిన సహాయకుల చేత ఏళ్ళ తరబడి పని చేయించాడు. ఈనాడు మనం చదువుకొంటున్న కైఫీయత్తులు ఆ శ్రమఫలమే.

1821లో మెకంజీ మరణించాడు. ఆయన సేకరణను కంపెనీ కొనుగోలు చేసింది. 1828లో విల్సన్ దానికి సూచీగ్రంథం అచ్చువేశాడు. ఆ సేకరణ లోతుపాతులు తెలిసిన లక్ష్మయ్యకు మాత్రం అందులో స్థానం లేకపోయింది. 1830లలో ఆయన మద్రాసు హిందూ లిటరరీ సొసైటీని నడుపుతూ, మెకంజీ వదిలిన పనిని కొనసాగించే అవకాశం ఇమ్మని ప్రభుత్వాన్ని అర్థించాడు. 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయం అడిగారు. బ్రాహ్మీ లిపిని ఛేదించిన పండితుడుగా మనం గౌరవించే జేమ్స్ ప్రిన్సెపే, ఇంతటి విమర్శనాత్మకమైన పని దేశీయుని వల్ల కాదన్నాడు. తరువాత ఆ ప్రతుల పరిశీలన విలియం టేలర్ చేతికి వెళ్ళింది.

1908లో వి. వెంకయ్య భారత ప్రభుత్వ శాసన పరిశోధకుడయ్యాడు. ఆ పదవి భారతీయునికి దక్కడం అదే మొదలు. అంటే లక్ష్మయ్యకు కాదన్న 72 ఏళ్ళకు.

నాటి జాతిభేదం నేడు లేదు. కాని సహాయకుని నేర్పు యజమాని పేరుమీద నిలిచి, అతనితోనే ముగిసిపోయే పద్ధతి పూర్తిగా పోలేదు. ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళే జీతం. అది ముగిస్తే మళ్ళీ దరఖాస్తులు. మా విద్యార్థులలో మంచి చూపున్నవారు కొందరు ఇలాగే బ్యాంకు పరీక్షలకు వెళ్ళిపోయారు. వారిని మేము తప్పు పట్టలేము.

అయినా ఈ దారిలోకి వచ్చేవారికి రెండు మాటలు చెప్పగలం. మీరున్న రాష్ట్రపు పాత లిపిని తెలుగుతోపాటు నేర్చుకోండి. బొర్రయ్యను నిలబెట్టింది అదే. మీరు చదివిన ప్రతి శాసనపాఠాన్ని మీ పేరుతో, తేదీతో ప్రకటించి, ఒక ప్రతిని గ్రంథాలయంలో ఉంచండి. ఉద్యోగం పోయినా ఆ పాఠం మీదేనని అది చెబుతుంది. లక్ష్మయ్యకు ఆ పాటి ఆధారమైనా దక్కలేదు.