కళాశాలల పొత్తులు, ధనము

1964లో బెంగుళూరు విశ్వవిద్యాలయము మైసూరు విశ్వవిద్యాలయమునుండి వేరుపడగా, చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతము దాని నీడకు చేరెను. 2007లో మన తాలూకాలు కోలారు జిల్లాను విడిచి వేరు జిల్లాయయ్యెను. పదేండ్లకు, 2017లో, బెంగుళూరు విశ్వవిద్యాలయము మూడుగా చీలగా మన కళాశాలలు బెంగుళూరు ఉత్తర విశ్వవిద్యాలయము పాలబడెను. దాని పీఠము కోలారే! విడిచిన యింటికే మరల పోయినట్లయ్యెను.

కళాశాలతోపాటు అనుబంధ రుసుము, పరీక్షా రుసుము కూడ చేయి మారును. మేము గుమాస్తాగిరి చేసినవారము గనుక మా చూపు మొదట పద్దుమీదికే పోవును. కాని ఆటగాని సంగతియో? విశ్వవిద్యాలయముల నడిమి పోటీలలో అన్న బెంగుళూరు పేర బంతి తన్నినచో, తమ్ముడు ఉత్తరము పేర తన్నవలెను. పెద్ద గుంపులో నగరపు పిల్లలతో పోరుటకంటె, చిన్న గుంపులో పల్లె కుఱ్ఱనికి చోటు దొరకుట సులభమని మా తలపు.

మనలను కదల్చినది శాసనము. అమెరికాలో కదల్చునది టెలివిజన్ సొమ్ము. 1915లో పుట్టిన పసిఫిక్ తీరపు కూటమిలోని పండ్రెండింట పది కళాశాలలు 2024లో వెడలిపోయెను. స్టాన్‌ఫర్డు అట్లాంటిక్ తీరపు కూటమిలో చేరెను. దాని ఆటగాండ్రు ఒక్క పోటీకై ఖండమును దాటుచున్నారు. బాగేపల్లి పిల్లవాడు చింతామణి మీదుగా కోలారు చేరిన చాలును.