డీటీహెచ్ సిగ్నల్ లోపాలు: చోడవరం డాబాల మీద డిష్‌లు

ఇంటి డాబా మీది డిష్ నుంచి గదిలోని సెట్‌టాప్ బాక్సు దాకా సిగ్నల్ నడిచే దారిలో ఎక్కడ బలం తగ్గినా బొమ్మ గళ్ళు గళ్ళుగా విరుగుతుంది, మాట తెగుతుంది, చివరికి తెర నల్లబడి ‘సిగ్నల్ లేదు’ అన్న సందేశం వస్తుంది. కారణం ఏదైనా బాక్సుకు తెలిసిన మాట అదొక్కటే. మబ్బు కమ్మినా అదే, కోతి డిష్ మీద ఊగినా అదే, కేబుల్లో నీరు చేరినా అదే. అందుకే పనితెలిసిన మెకానిక్ నిచ్చెన అడగకముందే మూడు సంగతులు అడుగుతాడు. బొమ్మ ఎప్పుడెప్పుడు పోతోంది? అన్ని ఛానళ్ళూ పోతున్నాయా, కొన్నేనా? పోయింది ఎంతసేపటికి తిరిగొస్తోంది? వీటికి ఇంట్లోవాళ్ళు సరిగ్గా జవాబు చెప్పగలిగితే డాబా ఎక్కాల్సిన అవసరమే ఉండకపోవచ్చు.

డిష్ ఎటు చూడాలి

చోడవరం 17.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం, ఇంచుమించు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. స్వయంభూ విఘ్నేశ్వరాలయానికీ, పక్కనే గోవాడలోని సహకార చక్కెర ఫ్యాక్టరీకీ పేరుపడిన ఈ ఊరికి ఉపగ్రహాల లెక్కలో ఒక సౌకర్యం ఉంది. టాటా ప్లే వాడుకునే జీశాట్-10, జీశాట్-24 ఉపగ్రహాలు భూమధ్యరేఖ మీద సరిగ్గా 83 డిగ్రీల దగ్గరే, సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్నాయి. అంటే చోడవరంలో టాటా ప్లే డిష్‌కు నిట్ట దక్షిణమే దిక్కు. నేల నుంచి కోణం దాదాపు 69 డిగ్రీలు.

మిగతావన్నీ తూర్పుకు జరిగి ఉంటాయి. డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 స్థానం 93.5 డిగ్రీలు. దానికోసం డిష్‌ను దక్షిణం నుంచి ఆగ్నేయం వైపు సుమారు 31 డిగ్రీలు తిప్పి, 66 డిగ్రీల ఎత్తుకు పెట్టాలి. ఎయిర్‌టెల్ ఉపగ్రహం 108.2 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి ఆ డిష్ ఇంకా తూర్పుకు తిరిగి, ఇంకా కిందికి, 54 డిగ్రీల ఎత్తులో చూస్తుంది. పక్కపక్క డాబాల మీద డిష్‌లు తలో దిక్కు చూస్తున్నాయంటే కారణం ఇదే. ‘పక్కింటోడి డిష్‌లాగే పెట్టాం, అయినా రాలేదు’ అనేవాళ్ళు ముందు పక్కింటోళ్ళది ఏ కంపెనీయో కనుక్కోవాలి.

కంటిని మోసం చేసేది ఇంకొకటి ఉంది. ఇళ్ళ మీద ఉండేవి ఆఫ్‌సెట్ డిష్‌లు. వాటి పళ్ళెం చూసే దిక్కు వేరు, సిగ్నల్ దిగే దారి వేరు. రెంటికీ మధ్య ఇరవై నుంచి పాతిక డిగ్రీల తేడా ఉంటుంది. పళ్ళెం ఎదురుగా ఉన్న మేడనో నీళ్ళ ట్యాంకునో చూస్తున్నట్టు కనిపించినా, సిగ్నల్ మాత్రం దాని నెత్తి మీదుగా ఏటవాలుగా దిగుతుంది. అందువల్ల ఈ ప్రాంతంలో దూరపు చెట్లను చూసి భయపడనక్కర్లేదు. ఫ్రీ డిష్ కోణానికి లెక్కేస్తే, డిష్ కన్నా పది మీటర్లు ఎత్తున్న కొబ్బరి చెట్టు నాలుగున్నర మీటర్ల లోపల, అదీ ఆగ్నేయం వైపు ఉంటేనే అడ్డు. గాలికి మట్టలు ఊగినప్పుడల్లా బొమ్మ తెగి, గాలి ఆగగానే కుదుటపడుతోందంటే చెట్టును అనుమానించవచ్చు. తడి ఆకులు పొడి ఆకుల కన్నా ఎక్కువ సిగ్నల్ తినేస్తాయి.

రెండు గీతల సంగతి

రిమోట్‌తో సెట్టింగ్స్‌లోకి వెళితే దాదాపు ప్రతి బాక్సూ రెండు గీతలు చూపిస్తుంది. ఒకటి స్ట్రెంగ్త్, రెండోది క్వాలిటీ. ఎక్కువమంది మొదటిదే చూసి ‘సిగ్నల్ బాగానే ఉంది కదా’ అనుకుంటారు. అసలు చిక్కు అక్కడే. డిష్ చేతి చివర ఉండే ఎల్‌ఎన్‌బీ తనకు అందినదాన్ని, అది సిగ్నలైనా ఉత్త రొద అయినా, కొన్ని లక్షల రెట్లు పెంచి కిందికి పంపుతుంది. డిష్ ఖాళీ ఆకాశాన్ని చూస్తున్నా స్ట్రెంగ్త్ గీత సగం పైనే నిలబడగలదు. ఆ రొదలోంచి అర్థమయ్యే సమాచారం ఎంత వస్తోందో చెప్పేది క్వాలిటీ గీత. స్ట్రెంగ్త్ ఉండి క్వాలిటీ సున్నా అయితే కేబుల్, ఎల్‌ఎన్‌బీ చాలావరకు బాగున్నట్టే, డిష్ దిక్కు తప్పి ఉంటుంది. రెండూ సున్నా అయితే తప్పు కేబుల్లోనో, జాయింటులోనో, ఎల్‌ఎన్‌బీలోనో.

డిజిటల్ బొమ్మకు మధ్యస్థితి చాలా సన్నం. పాతకాలపు దూరదర్శన్ యాంటెనాలో సిగ్నల్ తగ్గితే తెర మీద చుక్కలు పడేవి, అయినా వార్తలు వినబడేవి. డీటీహెచ్‌లో ఒక గీత దాటేదాకా బొమ్మ అద్దంలా ఉంటుంది, దాటగానే ముక్కలవుతుంది. బొమ్మ బాగుందంటే సిగ్నల్ నిండుగా ఉన్నట్టు కాదు, అంచు మీద నిలబడి ఉండొచ్చు. ఎండాకాలమంతా బాగా వచ్చి జూన్‌లో మొదటి జల్లుకే పోయే డిష్‌లు ఆ బాపతువే.

వాన, వాన తర్వాత

వానకు బొమ్మ పోవడం రెండు రకాలు. రెంటికీ మందు వేరు.

మొదటిది ఆకాశంలో జరిగేది. డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ తరంగం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. కొన్ని మిల్లీమీటర్ల లావుండే వానచినుకులు దాన్ని పీల్చుకుంటాయి, చెదరగొడతాయి. సన్నటి ముసురు పెద్దగా ఏమీ చేయదు. మే నెల సాయంత్రం ఉరుములతో వచ్చే గాలివాన, వాయుగుండం నాటి కుండపోత మాత్రం బొమ్మను పది పదిహేను నిమిషాలు మింగేస్తాయి. వాన జోరు తగ్గగానే దానంతటదే తిరిగొస్తుంది. ఉపగ్రహం ఎంత నెత్తిమీద ఉంటే తరంగం వానలో ప్రయాణించే దూరం అంత తక్కువ. ఆ లెక్కన 54 డిగ్రీల కోణం కన్నా 69 డిగ్రీలది కొంచెం మేలు. అంతకన్నా పనికొచ్చేది డిష్ పరిమాణం. 60 సెంటీమీటర్ల డిష్ తీసి 90 సెంటీమీటర్లది పెడితే పట్టే వైశాల్యం రెండుంపావు రెట్లు పెరుగుతుంది. వానలో ఛానళ్ళు పోకుండా ఉండాలంటే ఇంట్లో చేయగలిగిన మార్పుల్లో దీన్ని మించింది లేదు.

ఊళ్ళో కేబుల్ ఆపరేటరు మేడ మీది పెద్ద పెద్ద డిష్‌లు వానకు అంతగా బెదరవు. అవి పట్టేది సీ బ్యాండ్. దాని తరంగం ఏడు సెంటీమీటర్ల పైచిలుకు పొడవు. ఇంకా వెనక్కి వెళితే, 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో నడిపిన ‘సైట్’ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ అందింది. అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఆ డిష్‌లు కోళ్ళ గూళ్ళకు వాడే వల బిగించి చేసినవి, మూడు మీటర్ల వెడల్పువి. 860 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 35 సెంటీమీటర్లు కావడంతో వల కన్నాలు దానికి లెక్కలోకి రాలేదు, వానా అంతే. ఇవాళ్టి చిన్న డిష్‌కు ఆ వెసులుబాటు లేదు. పళ్ళెం మీద కొన్ని మిల్లీమీటర్ల లోతు సొట్ట పడినా క్వాలిటీ గీతలో తేడా తెలుస్తుంది.

రెండో రకం కేబుల్లో జరిగేది. వాన వెలిసి ఆకాశం తేటపడినా బొమ్మ రాదు. మర్నాడు ఎండ బాగా కాశాక వస్తుంది, మళ్ళీ వానకు పోతుంది. ఈ వరస కనిపిస్తే దాదాపు ఖాయంగా జాయింటులో నీరు చేరినట్టే. ఎల్‌ఎన్‌బీ కింద కేబుల్ బిగించే ఎఫ్ కనెక్టర్‌ను విప్పి చూస్తే విషయం తేలుతుంది. బాగున్న కనెక్టర్‌లో నడిమి రాగితీగ మిలమిలలాడుతూ రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉంటుంది. దాని చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ చదునుగా తెగి ఉంటుంది. పైనుండే సన్నటి అల్లికతీగ వెనక్కి మడిచి ఉంటుంది. నీరు తాగినదానిలో నడిమి తీగ నల్లబడి ఉంటుంది, అల్లికకు ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటుంది. ఒక్కోసారి వెంట్రుకంత అల్లికతీగ నడిమి తీగను తాకుతూ ఉంటుంది. ఆ ఒక్క పోగే ఎల్‌ఎన్‌బీకి వెళ్ళే కరెంటును షార్టు చేసి అన్ని ఛానళ్ళనూ ఆర్పేయగలదు.

అలాంటి కేబుల్‌ను తుడిచి మళ్ళీ బిగిస్తే నాలుగు రోజులు పనిచేస్తుంది, అంతే. నల్లబడినంత మేర, జానెడైనా మూరెడైనా, కోసేసి కొత్త కనెక్టర్ వేయాలి. మీద రబ్బరు తొడుగు గానీ, నీరు పట్టని టేపు గానీ చుట్టాలి. కేబుల్‌ను గోడలోకి నేరుగా దించకుండా కన్నం దగ్గర కిందికి ఒక వంపు వదిలితే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది, బాక్సు దాకా రాదు. ఈ పనంతా బాక్సు ప్లగ్గు పీకేశాకే చేయాలి. కనెక్టర్ బిగించేటప్పుడు కేబుల్లో కరెంటు ఉంటే బాక్సు లోపలి భాగం కాలిపోవచ్చు.

వేళ తప్పకుండా పోయే బొమ్మ

మార్చి రెండోవారంలో, మళ్ళీ అక్టోబరు మొదట్లో కొన్ని రోజులపాటు చోడవరంలో పగటిపూట ఒకే వేళకు కొన్ని నిమిషాలు బొమ్మ చెడవచ్చు. ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. సూర్యుడి రేడియో రొద ఎల్‌ఎన్‌బీలో పడి అసలు సిగ్నల్‌ను ముంచేస్తుంది. 83 డిగ్రీల ఉపగ్రహానికి ఇది మిట్టమధ్యాహ్నం పన్నెండుకు అటూ ఇటూ జరుగుతుంది. 93.5 డిగ్రీల ఉపగ్రహానికి పదకొండు, పదకొండుంపావు ప్రాంతంలో. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖకు చోడవరం అరడిగ్రీ దూరంలోనే ఉండటంతో ఇక్కడ గడియారపు మధ్యాహ్నానికీ సూర్యుడి మధ్యాహ్నానికీ తేడా నిమిషాల్లోనే ఉంటుంది. ఈ లోపానికి రిపేరు లేదు. అప్పుడు మెకానిక్‌ను పిలిస్తే, ఆయన వచ్చేసరికి బొమ్మ వచ్చేసి ఉంటుంది. విజిటింగ్ చార్జి మాత్రం ఇచ్చుకోవాలి.

ఇదే తంతులో డిష్ దిక్కు సరిచూసుకునే ఉపాయమూ ఉంది. ఆ రోజుల్లో ఆ వేళకు డిష్ చేయి, ఎల్‌ఎన్‌బీ నీడలు పళ్ళెం మీద ఎక్కడ పడుతున్నాయో గమనిస్తే దిక్సూచి అక్కర్లేదు. ఎండ ఏ దారిన దిగుతోందో సిగ్నల్ కూడా ఆ దారినే దిగుతోంది. డాబాలో ఉన్న ఇనుపచువ్వల వల్ల తడబడే ఫోన్ దిక్సూచి కన్నా ఇది నమ్మదగింది.

ఒక సెంటీమీటరు

60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు మూడు డిగ్రీల లోపే. డిగ్రీన్నర పక్కకు జరిగితే సగం సిగ్నల్ పోతుంది. ఒక డిగ్రీ అంటే పళ్ళెం ఒక అంచు రెండో అంచుతో పోలిస్తే ఒక సెంటీమీటరు జరగడం మాత్రమే. బట్టలు ఆరేసే తాడు డిష్ గొట్టానికి కట్టినా, కోతి చేయి మీద కూర్చున్నా, పిట్టగోడలో దిగేసిన బోల్టు వదులైనా ఆ సెంటీమీటరు ఇట్టే జరుగుతుంది. సరిచేసేటప్పుడు ముందు గొట్టం నిలువుగా ఉందో లేదో చూసుకోవాలి. గొట్టం ఒరిగి ఉంటే పక్కకు తిప్పిన ప్రతిసారీ ఎత్తు కూడా మారిపోతూ ఎంతకీ తెమలదు. తర్వాత ఒకరు కింద క్వాలిటీ గీత చూస్తూ ఫోన్లో చెబుతుంటే, పైనున్నవారు డిష్‌ను వెంట్రుకవాసి కదిపి రెండు మూడు క్షణాలు ఆగాలి. బాక్సుకు సిగ్నల్ గుర్తుపట్టడానికి ఆ పాటి సమయం కావాలి. గబగబా తిప్పేవాళ్ళు సరైన చోటును దాటేసి వెళ్ళిపోతుంటారు.

కొన్ని ఛానళ్ళే పోతే

అన్నీ కాక కొన్నే పోతుంటే డిష్‌ను ముట్టుకోకుండా ఆలోచించాలి. బాక్సు ఎల్‌ఎన్‌బీకి 13 వోల్టులు పంపితే నిలువు ధ్రువణం (నిలువుగా ఊగే తరంగాలు), 18 వోల్టులు పంపితే అడ్డ ధ్రువణం (అడ్డంగా ఊగేవి) అందుతాయి. చిలుము పట్టిన జాయింటు దగ్గర వోల్టేజి పడిపోతే ఒక ధ్రువణంలోని ఛానళ్ళు మొత్తం మాయమవుతాయి. రెండు టీవీలకు ఒకే కేబుల్‌ను స్ప్లిట్టర్‌తో చీల్చినా ఇదే గొడవ. ఒక బాక్సు 13 అడుగుతుంది, రెండోది 18 అడుగుతుంది. రెండు అవుట్‌పుట్‌లున్న ఎల్‌ఎన్‌బీ వేసి రెండు కేబుళ్ళు దించడమే దీనికి దారి.

ఫ్రీ డిష్‌లో మాత్రం ఛానల్ పోయిందంటే చాలాసార్లు లోపమే ఉండదు. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్‌గా మొదలైన ఈ సర్వీసులో ప్రైవేటు ఛానళ్ళు వేలంలో స్లాట్లు కొనుక్కుంటాయి. ముఖ్యంగా ఏప్రిల్ మొదట్లో స్లాట్లు చేతులు మారుతాయి. బాక్సును రీస్కాన్ చేస్తే కొత్త వరస వస్తుంది. నెల చందా లేని సర్వీసు కాబట్టి ఇంటికి మనిషిని పంపే కంపెనీ కూడా ఉండదు. వాడేవాళ్ళే ఈ మాత్రం నేర్చుకోక తప్పదు.

అరుదుగానైనా తప్పు పైనే ఉంటుంది. 2010 జూలై 7న ఇన్‌శాట్-4బీ ఉపగ్రహంలో సౌర విద్యుత్ లోపం వచ్చి సిగ్నల్‌ను అందుకుని తిరిగి కిందికి పంపే ట్రాన్స్‌పాండర్లలో సగం ఆపేయాల్సి వచ్చింది. దక్షిణాదిన బాగా పాకిన సన్ డైరెక్ట్ దానిమీదే ఆధారపడి ఉండేది. ఆ సంస్థ 91.5 డిగ్రీల దగ్గరున్న మీశాట్-3కు మారాల్సి వచ్చింది. రెండు డిగ్రీల మార్పే అయినా కింద ఇళ్ళ మీది డిష్‌లను మళ్ళీ తిప్పుకోవాల్సి వచ్చింది.

ఇటీవల ప్రతి లోపాన్నీ 5జీ టవర్ల మీద వేసే అలవాటు పెరిగింది. కేయూ బ్యాండ్‌కు 5జీతో పేచీ లేదు. అయితే ఎల్‌ఎన్‌బీ నుంచి బాక్సుకు దిగే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఫోన్లు వాడే 1800, 2100 బ్యాండ్లు ఆ మధ్యలోనే పడతాయి. కనెక్టర్ వదులుగా ఉండి, టవరు దగ్గరగా ఉంటే కొంత రొద కేబుల్లోకి దూరవచ్చు. అప్పుడు మార్చాల్సింది కనెక్టరే.

తుఫాను కాలం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 170–180 కిలోమీటర్ల వేగంతో వీచింది. అంత గాలి 60 సెంటీమీటర్ల పళ్ళేన్ని నలభై, యాభై కిలోల బలంతో నెడుతుంది. పిట్టగోడకు రెండు బోల్టులతో బిగించిన డిష్ దాన్ని తట్టుకోవడం కష్టం. ఊడితే గాలిలో ఎగిరే రేకు అవుతుంది. హెచ్చరిక వచ్చినప్పుడు, గాలి మొదలుకాకముందే, డిష్‌ను దించి లోపల పెట్టుకోవడం మేలు. దించేముందు మార్కర్‌తోనో పెయింటుతోనో గొట్టం మీద క్లాంపు ఉన్న చోట అడ్డంగా ఒక గీత, క్లాంపు నుంచి గొట్టం మీదికి నిలువుగా ఇంకో గీత, కోణం బిగించే బోల్టు స్కేలు దగ్గర మరొకటి గీసుకోవాలి. తుఫాను వెళ్ళి కరెంటు వచ్చాక, గొట్టం ఒరగలేదని చూసుకుని గీతకు గీత కలిపి బిగిస్తే, క్వాలిటీ గీత కోసం చేసే సర్దుబాటు నాలుగైదు నిమిషాల పనే.