జగర్గుండా: కంచెయు, దారియు

వాడ పాడుపడినదనగానే మనకు కూలిన గోడలును, పూడిన మురుగుకాలువలును తోచును. దానిని బాగుచేయుట యనగా క్రొత్త యిండ్లు కట్టుటయే యని తలంతుము. స్కాట్లండు దేశీయుడగు పాట్రిక్ గెడ్డీస్ ఈ తలంపును అంగీకరింపలేదు. ఆయన 1915 మొదలుకొని మన పట్టణములను పరిశీలించి, 1918లో ఇండోర్ నగరమును గూర్చి రెండు సంపుటముల నివేదికను వెలువరించెను. ఇఱుకు సందులను సమూలముగా కూల్చుట పేదలను పొరుగు సందులలోనికి తఱుముటయే యని ఆయన వాదము. శిథిలమైన యింటిని మాత్రము తొలగించి, ఆ చోటును నలుగురు కూర్చుండు నెలవుగా విడిచి, చెట్టు నాటిన చాలునని ఆయన మతము.

నగరమునకు చెప్పిన యీ మాట అడవినడుమ గ్రామమునకును వర్తించునని బస్తరు దక్షిణభాగమున, సుక్మా జిల్లాలోని జగర్గుండా చరిత్ర తెలుపుచున్నది.

జగర్గుండా ప్రాణము దాని దారులలో నుండెను. డోర్నపాల్, దంతెవాడ, బాసగూడ వైపుల దారులు అచ్చట కలిసికొనును. చుట్టుపల్లెల ఆదివాసులు ఇప్పపూవును, చింతపండును తెచ్చి, ఉప్పును, బట్టను కొనిపోవు సంత అది. 2005లో సల్వాజుడుం ఆరంభమైన పిమ్మట అచ్చట శిబిరము వెలసెను. పల్లెల జనులను అందు చేర్చి, చుట్టును ముండ్లతీగ కంచె వేసిరి. దారులలో మందుపాతరలు నిండెను. సుమారు 56 కిలోమీటర్ల దూరమున నున్న డోర్నపాల్ నుండి బియ్యము సాయుధరక్షణతో లారీల బారులపై రావలసివచ్చెను. 2006లో బడులు మూతపడెను. ఇండ్లుండెను, జనులుండిరి, ఊరు మాత్రము లేకపోయెను. రక్షణకై వేసిన కంచెయే బంధనమయ్యెను.

ఆదివాసి యువకులకు ఆయుధములిచ్చి ప్రత్యేక పోలీసులుగా నియమించుట రాజ్యాంగవిరుద్ధమని 2011 జూలై 5న సుప్రీం కోర్టు తీర్పు చెప్పెను. తీర్పు వెలువడినంతనే కంచె తొలగలేదు. పదుమూడేండ్ల తరువాత, 2019లో బడి మరల తెఱవబడెను. 2025 మే నెలలో బ్యాంకు శాఖ వచ్చెను. డోర్నపాల్ దారిని తిరిగి వేయుటలో పెక్కుప్రాణములు పోయినవి. సైనికులు నడచు దారియే సంతకు పోవువాడును నడచు దారి. అది ఎవరికొఱకు వేయబడినదను ప్రశ్న నేటికిని తీరలేదు.

అయినను లెక్కకు రాని వారు వేఱొకరు కలరు. కంచెలోనికి పోనొల్లక, అడవిలో నిలువలేక, సుక్మా, బీజాపూర్ ప్రాంతముల కుటుంబములు వేలాదిగా గోదావరి లోయ యడవులకు తరలివచ్చినవి. మనవారు వారిని గుత్తికోయలనిరి. 2017లో తాడ్వాయి మండలములోని జలగలంచలో అటవీశాఖవారు వారి గుడిసెలను కూల్చిరి. పేదను ఒక సందునుండి తఱిమినచో వేఱొక సందున తేలునన్న గెడ్డీస్ మాట ఇచ్చట రాష్ట్రముల యెల్లలు దాటి నిజమైనది.

కావున జగర్గుండా కోలుకొన్నదా యను ప్రశ్నకు బడియు, బ్యాంకును సగము సమాధానమే. విడిచిపోయిన వాని యింటిచోటు వానికొఱకు నిలిచియుండవలెను. తిరిగి వత్తువా యని వానినే అడుగవలెను. రానన్నచో, ఉన్నచోటనే వానికి నిలువ నీడ దక్కవలెను. ఆనాడు గాని ఊరు బాగుపడినదని చెప్పజాలము.