చెల్క పొలమైనాక

వేములపల్లి మీదుగా మిర్యాలగూడ పోయే దారిలో ఎటు చూసినా వరి, ఆ పైన రైస్ మిల్లులు. సాగర్ నీళ్లు రాకముందు ఈ వైపు చెల్కల్లో జొన్న, సజ్జ, కంది, ఆముదం పండేవి. ఇంట్లో అంబలి, గట్క, జొన్నరొట్టె. వరి అన్నం చెరువు కింద పొలం ఉన్నవాళ్లకు, తక్కినవాళ్లకు పండక్కే.

మలబద్ధకం అప్పుడూ ఉండేది. చేలో పండిన ఆముదమే మందు. అయితే అది పేగును కదిలించి విరేచనం చేయిస్తుంది. పీచు పని వేరు: నీళ్లు పట్టుకుని మలాన్ని మెత్తగా, బరువుగా ఉంచుతుంది. ఆ పని రోజూ గట్కే చేసిపెట్టేది.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద చెల్కలు పొలాలయ్యాయి. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇవ్వడంతో భూమి లేని ఇంటికీ అన్నం దగ్గరైంది. ఆకలి తీర్చిన మార్పును కడుపు నిండినవాళ్లు వెక్కిరించకూడదు.

కానీ పీచు జారిపోయింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో వంద గ్రాముల జొన్నలకు పీచు 10 గ్రాముల పైమాటే. తెల్ల బియ్యానికి 3 గ్రాముల లోపే. రోకలితో దంచిన బియ్యానికి తవుడు కొంతైనా అంటి ఉండేది. మిల్లులో పాలిష్ దాన్ని గీకేస్తుంది. ఆ తవుడు నూనె తీసే ఫ్యాక్టరీకి, నూనె పోగా మిగిలింది దాణాకు. పీచు పశువుకు, పిండి మనిషికి!

ఉగాండాలో పనిచేసిన సర్జన్ డెనిస్ బర్కిట్ 1972లో లాన్సెట్ పత్రికలో ఈ లెక్కే తేల్చారు: పీచు తినే పల్లెజనంలో మలం ఎక్కువ, పేగు దాటే సమయం తక్కువ.

ఇప్పుడు ఆ లోటు పూడ్చడానికి మెడికల్ షాపులో ఇసబ్‌గోల్ డబ్బా కొంటున్నారు. గుజరాత్, రాజస్థాన్‌లలో పండే గింజ మీది పొట్టు అది; నీళ్లలో ఉబ్బి జిగురవుతుంది. గ్లాసు నిండా నీళ్లతోనే తాగాలి, లేకుంటే గొంతులోనో పేగులోనో అడ్డుపడొచ్చు. మలంలో రక్తం కనిపిస్తే మాత్రం పొట్టుతో సరిపెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి పోవాలి.

2025 ఉగాదికి పక్కనే హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం పంపిణీ మొదలైంది. ఆ సంచి పక్కన నెలకు రెండు కిలోల జొన్నలు కూడా ఇవ్వమని ఈ ప్రాంతం వాళ్లే గట్టిగా అడగాలి.