ఐవీ: తీగ పొదయైన వృత్తాంతము



లతకు ఆధారము వలయునని మన కవులు పలుమారు వర్ణించిరి. ముదిరిన పిమ్మట ఆధారమును విడిచి తనంతట తాను నిలుచు లత యొకటి కలదు. అది యూరపు ఖండమున పాతగోడలను, చెట్లను అల్లుకొను ఐవీ. దానిని గూర్చి పూర్వులకు గలిగిన సందేహమును, అది తీరిన విధమును నేడు మనవి చేసెదను.

లేత ఐవీ నేలపై ప్రాకి, సన్నని వేళ్లతో గోడను కఱచుకొని పైకెగయును. ఆకులకు మూడు మొదలు అయిదు తమ్మెలుండును, పూవు పూయదు. ఏండ్లు గడచి, ఎత్తునకు చేరి, వెలుతురు సోకిన తరువాత పుట్టు కొమ్మలకు ఆ వేళ్లుండవు, ఆకులకు తమ్మెలుండవు. శరత్తున పచ్చని పసుపు పూగుత్తులు వచ్చి, చలికాలము దాటునప్పటికి నల్లని కాయలు పండును.

ఇవి రెండు జాతులా, ఒకటియా? అరిస్టాటిలు శిష్యుడగు థియోఫ్రాస్టసు క్రీస్తుపూర్వము 4వ శతాబ్దిలోనే ఈ ప్రశ్న నెత్తెను. కాయని తీగకు గ్రీకులు హీలిక్సని పేరిడిరి. అది ముదిరి ఐవీ యగునని కొందఱు, కాదని కొందఱు వాదించిరి. అగుట నిజమైనచో భేదము వయస్సుదే కాని జాతిది కాదని యతడు వ్రాసెను.

1753లో స్వీడనుదేశపు లిన్నేయసు రెంటికిని కలిపి హెడెరా హీలిక్స్ అను పేరు స్థిరపఱచెను. గొడ్డుతీగ పేరే కాయు పొదకును దక్కెను!

తోటమాలులు దీనిని వేఱొక విధమున నెఱుగుదురు. పూచు కొమ్మను కోసి నాటినచో వేరూనుటకు ఆలస్యమగును. కాని యది ప్రాకదు, గోడ యక్కఱ లేకయే గుబురు పొదయై పూచును. దాని విత్తును నాటినచో మరల ప్రాకు తీగయే మొలచును. ఇంగ్లండున షిర్లీ హిబ్బర్డు 1872లో ఈ యొక్క మొక్కను గూర్చియే గ్రంథము ప్రకటించెను. అమెరికాలో రాబిన్సు అను శాస్త్రజ్ఞుడు 1957లో జిబ్బరెల్లిక్ ఆమ్లమును ప్రయోగించి ముదురు కొమ్మలను లేతదశకు మరలించెను. నాటి గ్రీకుపండితుని ఊహ నిలిచినది.

చిరకాలము బడిలో పాఠములు చెప్పితిని. వీడు తెలివిగలవాడు, వీడు మందుడు అని బాలురను రెండు జాతులుగా ఏర్పఱచితిని. పూయలేదని నేను విడిచిన వారిలో వయస్సు చాలనివారెందఱో! ఐవీ చరిత్ర చదివిననాట ఆ లెక్క మరల చూచుకొంటిని.