పొద్దెక్కితే ఒంటిగంట

టాంజానియాలో ఉదయం ఏడు గంటలకు టైమెంతయిందని స్వాహిలీలో అడిగితే ‘సా మోజ’ అంటారు. తెలుగు చేస్తే ఒంటిగంట. మిట్టమధ్యాహ్నం ‘సా సిత’, అంటే ఆరు. పొద్దుగూకేసరికి పన్నెండు నిండుతాయి. రాత్రి ఏడింటికి మళ్లీ ఒకటి మొదలు. ‘సా’ అన్న మాట అరబ్బీ నుంచి వచ్చింది, లెక్క మాత్రం సూర్యోదయం నుంచి నడుస్తుంది. ఇథియోపియాలో అమ్హారిక్ మాట్లాడేవాళ్లదీ ఇదే పద్ధతి. గడియారం ముల్లు ఏడు మీదుంటే దానికి సూటిగా ఎదురున్న ఒకటిని చదివితే సరిపోతుంది.

మనకిది వింతగా తోస్తుంది, ఎందుకంటే గంటల లెక్క అర్ధరాత్రి మొదలవడమే సహజమనుకుంటాం. కానీ అర్ధరాత్రికి గుర్తేముంది? వెలుగు మారదు, కోడి కూయదు; నక్షత్రాలు చూడగలిగినవాళ్లో, యంత్రమో చెబితే తప్ప అది వచ్చిందని మనిషికి తెలియదు. నక్షత్రాలు చూసేవాళ్లయినా దాన్ని నెత్తిన పెట్టుకోలేదు. ఒక రాత్రి పరిశీలనలన్నీ ఒకే తేదీ కింద ఉండాలని ఖగోళశాస్త్రజ్ఞులు రోజును మధ్యాహ్నం నుంచి లెక్కపెట్టేవారు. వాళ్లు అర్ధరాత్రికి మారింది 1925 జనవరి 1న. ఇక పొద్దుపొడుపు నుంచి లెక్కించడం తూర్పు ఆఫ్రికాకే పరిమితమైనదీ కాదు. మార్కు సువార్త గ్రీకు మూలంలో యేసును సిలువ వేసింది మూడో గంటకు, అంటే మన ఉదయం తొమ్మిదికి. స్పెయిన్‌వాళ్ల మధ్యాహ్నపు కునుకు ‘సియెస్టా’ పేరులో ఉన్నది లాటిన్ వాళ్ల ఆరో గంటే. ఎక్కడ మొదలుపెట్టాలన్నది ప్రతిచోటా మనుషులు ఎంచుకున్నదే. స్వాహిలీవాళ్లు కంటికి కనిపించేదాన్ని ఎంచుకున్నారు.

భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే వేళకు ఉదయిస్తాడు కాబట్టి అక్కడ చెల్లింది, మరోచోట చెల్లదని ఎవరైనా అనవచ్చు. చెల్లడం అక్కడ సులువన్నది నిజమే. అయితే ఇస్తాంబుల్ 41 డిగ్రీల ఉత్తరాన ఉంది. వేసవి పొద్దుకీ చలికాలపు పొద్దుకీ అక్కడ చాలా తేడా. అయినా ఒట్టోమన్ తుర్కులు సూర్యాస్తమయాన్నే పన్నెండుగా పెట్టుకుని, దానికి తగ్గట్టు గడియారాలను రోజూ సరిచేసుకుంటూ శతాబ్దాలు గడిపారు. 1926 మొదట్లో ఆ పద్ధతి పోయింది కొత్త గణతంత్రం చేసిన చట్టంతో. రైళ్లకూ విమానాలకూ ఈ స్వాహిలీ లెక్క చిక్కు కాదా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. కొత్తగా వచ్చినవాళ్లు తికమకపడతారు, నిజమే. ఊరివాళ్లు మాత్రం ఇంగ్లీషులో ఎనిమిది అన్నదాన్నే స్వాహిలీలో రెండు అంటారు. లెక్క గడియారానిది కాదు, మాట్లాడే భాషది. భాష మారగానే లెక్కా మారుతుంది, అందుకే రెండూ ఒకే నోట ఇముడుతున్నాయి.

ఇలాంటి రెండు లెక్కలు తెలుగువాళ్లకూ ఉన్నాయి. పంచాంగం లెక్కలో రోజుకు 60 గడియలు, గడియకు 24 నిమిషాలు, మొదలు సూర్యోదయం. అడుగున సన్నని చిల్లున్న రాగి గిన్నెను నీళ్లమీద వదిలితే, అది నిండి మునిగేదాకా ఒక గడియ. ఆ గిన్నె పోయింది, మాట గడియారంలో మిగిలింది. వారం మారేదీ సూర్యోదయంతోనే. అందుకే రాత్రి రెండింటికి ముహూర్తం పడితే శుభలేఖలో ‘శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం’ అని అచ్చువేస్తారు. క్యాలెండరు ప్రకారం అది ఆదివారం, పురోహితుడి లెక్కలో ఇంకా శనివారమే. ‘ఆదివారం రాత్రి రెండు గంటలకు’ అని మాత్రమే వేస్తే, దూరపు చుట్టాలు అప్పగింతలు కూడా అయిపోయిన మర్నాటి రాత్రికి దిగుతారు.